పావు లీటరు బ్రేక్ ఆయిల్

బుధవారం పొద్దున ఎనిమిదికి ఇంకా ఇరవై నిమిషాలుంది. షాపు షట్టర్ ఎత్తి, నిన్నటి కార్నివాల్ చెత్త ఊడుద్దామని చీపురందుకున్నాను. నేలంతా రంగు కాగితాల రిబ్బన్లు, నలిగిన పూలరేకులు, ఎండిపోయిన బీరు. అడుగు తీసి అడుగేస్తుంటే చెప్పు నేలకి అతుక్కుంటోంది. బల్ల మీద నిన్న వాడిన బ్రేక్ ఆయిల్ సీసా ఉంది. ఖాళీదే కదా, చెత్తలో పడేద్దామని ఎత్తాను. బరువుగా తగిలింది.

ఊపి చూశాను. అడుగున పావు లీటరు దాకా కదిలింది.

ఇరవై రెండేళ్ళుగా వియా ఫాతిమా పేటలో బ్రేకులు చేస్తున్నదాన్ని. యుంగాస్ లోయకి దిగే బళ్ళన్నీ మా పేట మీదుగానే పోతాయి కాబట్టి నాకు పనికి లోటుండదు. లెక్క నా చేతికి తెలుసు. పాత ఆయిల్ మొత్తం తీసేసి నాలుగు చక్రాలకీ కొత్తది ఎక్కిస్తే లీటరు సీసా అడుగంటాలి. నిన్న చేసింది ఒక్క కారే, మా తమ్ముడు లింబెర్‌ది. మరి ఈ పావు లీటరు ఎందుకు మిగిలింది? ఇది సీసాలోనే ఉంటే, దీని బదులు వాడి కారులోకి ఏం పోయింది?

అప్పుడు గుర్తొచ్చింది మసిగుడ్డ.

కార్నివాల్ మంగళవారం మా ఊళ్ళో ఇళ్ళకీ, అంగళ్ళకీ, బళ్ళకీ ఛల్లా చేసే రోజు. రిబ్బన్లు కడతారు, పూలరేకులు జల్లుతారు. ముందు నేల మీద భూమితల్లి పచమామకి పోసి, తర్వాత బండికి బీరు పోస్తారు. బానెట్ ఎత్తి ఇంజన్‌కీ పోస్తారు. పోయకపోతే ఏడాదంతా బండి అలుగుతుందని నమ్మకం. నీకుందా ఆ నమ్మకం అని నన్నడక్కండి. నేను నా జాకీక్కూడా పోస్తాను.

లింబెర్ ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీస్తాడు. ఎన్నాళ్ళో కూడబెట్టి ఈమధ్యే ఒక పాత తెల్లకారు కొన్నాడు. బుధవారమే దాన్ని లోయలో ఉన్న అత్తారింటికి తీసుకెళ్ళి చూపించాలని వాడి తొందర. పోనిస్తానా నేను?

"ఒరేయ్, బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్చారో అమ్మినాయన్ని అడిగావా?"

"అడిగానక్కా. అదేంటి అన్నాడు."

"విన్నావా? దాంతోనే దిగుతావా మూడు వేల మీటర్లు? పెళ్ళాన్నీ అమ్మనీ ఎక్కించుకుని?"

"నీ దగ్గరికొస్తే కారు కూడా పాపం చేసినదాన్లా తలొంచుకుంటుందక్కా" అన్నాడు వాడు. అన్నాడు గానీ మంగళవారం పొద్దున్నే కారు తెచ్చి పెట్టాడు.

నా షాపు గోడ మీద ఎర్రరంగుతో రాయించి పెట్టాను. అయిదు వేల కిలోమీటర్లకి ఇంజన్ ఆయిల్, ఏడాదికోసారి ప్యాడ్లు చూపించుకోవాలి, రెండేళ్ళకోసారి బ్రేక్ ఆయిల్. కింద పెద్దక్షరాలతో: యుంగాస్ దిగేవాళ్ళు దేవుణ్ణి తలుచుకునే ముందు నన్ను తలుచుకోండి. వచ్చినవాడికల్లా అది చదివి వినిపిస్తాను. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడి చచ్చిందంటారే, ఆ బల్లిని నేనే.

మంగళవారం బానెట్ ఎత్తి బ్రేక్ ఆయిల్ డబ్బా మూత తీసి పక్కన పెట్టాను. దుమ్ము పడకుండా డబ్బా నోటి మీద ఒక మసిగుడ్డ కప్పాను. లింబెర్ సీట్లో కూర్చుని పెడల్ తొక్కుతుంటే నేను కారు కింద పడుకుని వెనక చక్రాల నుంచి పాత ఆయిల్ తీశాను. కాఫీ డికాక్షన్ లాంటి ఆయిల్ వచ్చింది. అది పోయి తేటది వచ్చేదాకా తీశాను. వెనక రెండూ అయ్యాయి. ముందు రెండూ మిగిలాయి. అప్పుడొచ్చింది మా అమ్మ అసుంతా, చేతినిండా పూలతో. వెనకాల లింబెర్ భార్య జుల్మా, బీరు పెట్టె మోసుకుంటూ.

"లేవండి లేవండి, పన్నెండవుతోంది" అంది అమ్మ.

"అరగంట ఆగమ్మా. ముందు చక్రాలు ఉన్నాయి."

"నీ చక్రాలు ఎక్కడికీ పారిపోవే. తల్లి ఆగదు."

మా అమ్మతో వాదించి గెలిచినవాళ్ళెవరూ మా ఇంట్లో పుట్టలేదు. లేచాను. చేతులు తుడుచుకున్నాను. గ్లాసు చేతికొచ్చింది. పక్క షాపుల వాళ్ళొచ్చారు, టపాకాయలు పేలాయి, జుల్మా అద్దాలకి రిబ్బన్లు కట్టింది. అమ్మ బానెట్ దగ్గర నిలబడి, "ఛల్లా చేసేచోట ఈ మసిగుడ్డేంటే, చోద్యం కాకపోతే!" అనడం నేను విన్నాను. చెవులారా విన్నాను. ఎవరో ఏదో జోకేస్తే నవ్వుతున్నాను అప్పుడు.

తర్వాత పనికి దిగేసరికి గుడ్డ కింద పడి ఉంది. డబ్బా అంచు దాకా నిండి ఉంది. వెనక చక్రాలయ్యాక నేనే నింపి ఉంటానులే అనుకున్నాను. ముందు చక్రాల దగ్గర ఆయిల్ తీసే గొట్టంలో బుడగలు ఎక్కువొచ్చాయి. పాత కారు కదా, గాలి చేరి ఉంటుందిలే అనుకున్నాను. బీరు వాసనా? కారంతా బీరే, నా చొక్కా బీరే, వీధి వీధంతా బీరే. చివర్లో డబ్బాలో తగ్గినంత పోసి, మూత గట్టిగా బిగించి, పెడల్ తొక్కి చూశాను. రాయిలా ఉంది. "పోరా, ఇంక పండగే" అన్నాను తమ్ముడితో.

నేనే నింపి ఉంటానని అనుకున్నానట. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నేను పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

ముందు చక్రాల నుంచి తీసిన ఆయిల్ వేరే నీళ్ళసీసాలో పట్టాను. అది బల్ల కింద ఉంది. వెలుగులో పెట్టి చూశాను. తేటగా లేదు, గంజిలా మసకబారి ఉంది. మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను.

బీరు.

బీరంటే నీళ్ళే కదా. బ్రేక్ ఆయిల్ రెండు వందల డిగ్రీలు దాటితే గానీ మరగదు. నీళ్ళు మా ఎత్తులో తొంభై కూడా తాకకుండానే మరుగుతాయి, అందుకే మా ఊళ్ళో బంగాళాదుంపలు గంటైనా ఉడకవు. ఊళ్ళో తిరిగినంతసేపూ ఆ కారుకి ఏమీ కాదు. పెడల్ రాయిలాగే ఉంటుంది. లా కుంబ్రే కనుమ దాకా ఎక్కుడే, ఏమీ కాదు. అక్కణ్ణించి దిగుడు మొదలు. వంపు తర్వాత వంపు, తొక్కుడు మీద తొక్కుడు. ముందు చక్రాలు కాలతాయి, లోపలి బీరు మరిగి ఆవిరవుతుంది. ఆవిరిని ఎంత తొక్కినా అది అణిగిపోతుంది తప్ప చక్రాన్ని పట్టదు. పెడల్ నేలకి అంటుకుంటుంది. ఆ దారి పక్కన ఏముంటుందో, ఎంత లోతుంటుందో మా ఊళ్ళో చిన్నపిల్లల్నడిగినా చెప్తారు.

వాళ్ళు ఏడింటికి బయల్దేరారు. వెళ్తూ షాపు ముందు హారన్ కూడా కొట్టారు. నేను పైన మా ఇంట్లో పళ్ళు తోముకుంటూ చెయ్యూపాను.

లింబెర్‌కి ఫోన్ చేశాను. అందుబాటులో లేరట. జుల్మాకి చేశాను. అదే గొంతు, అదే మాట. అమ్మకి చేశాను. మోగింది! మోగింది నా షాపులోనే. బీరు పెట్టె వెనకాల, రిబ్బన్ల కుప్ప కింద.

నా పికప్ తాళాలు తీసుకుని పరిగెత్తాను. షట్టర్ కూడా వెయ్యలేదు.

ఎక్కుడులో యాక్సిలరేటర్ నేలకి తొక్కి పట్టాను. పాత ఇంజన్ మూలుగుతూ ఎక్కుతోంది. దారిలో ప్రతి కారు వెనకాలా నా గుండె ఆగేది. ప్రతి కారుకీ రిబ్బన్లే, ప్రతి బానెట్ మీదా పూలే. ఛల్లా మర్నాడు కదా, ఊళ్ళో తెల్లకార్లన్నీ ఒక తల్లి పిల్లల్లా ఉన్నాయి. హారన్ కొట్టి, పక్కకొచ్చి, లోపలికి తొంగి చూడ్డం. వాళ్ళు కాదు. మళ్ళీ ఇంకోటి. వాళ్ళు కాదు. ఒకాయన అద్దం దించి "పండగ దిగలేదా ఇంకా?" అని అరిచాడు.

నాకు మిగిలింది ఒకటే ఆశ. మా అమ్మ లా కుంబ్రేలో ఆగకుండా కొండ దిగదు. అక్కడ భూమితల్లికి కాస్త సారా పోసి, దారి పక్క కుక్కలకి రొట్టెలు వేసి గానీ లోయ వైపు చూడదు. అందరూ వేస్తారు, కానీ అందరూ కారులోంచి విసిరి పోతారు. మా అమ్మ దిగి, కుక్క కుక్కకీ పెట్టి, బాగోగులు కనుక్కుని మరీ కదుల్తుంది. ఆ ఆలస్యం గురించి ఎన్నిసార్లు విసుక్కున్నానో. ఆరోజు మాత్రం, ఇంకో కుక్కకి పెట్టమ్మా, ఇంకొక్కదానికి పెట్టమ్మా అని దారి పొడుగునా గొణుక్కుంటూనే ఉన్నాను.

కనుమ ఎక్కేసరికి మంచు. పది గజాల అవతల ఏమీ లేదు. కార్లు మసకమసగ్గా ఆగి ఉన్నాయి. ఒక్కొక్కదాని దగ్గరికీ పరిగెత్తి చూశాను. తెల్లవి మూడు. మూడూ కావు.

రొట్టెల బుట్ట పెట్టుకున్నావిడ దుప్పటి కప్పుకుని కూర్చుంది.

"అక్కా, ఒక ముసలావిడ... గోధుమరంగు టోపీ, ఆకుపచ్చ శాలువా. కొడుకూ కోడలూ, తెల్లకారు..."

"తెల్లకారు, రిబ్బన్లు, టోపీ. ఈరోజు పొద్దుట్నించీ అందరూ అంతేనమ్మా."

"రొట్టెలు నిన్నటివని నీతో గొడవ పెట్టుకుని ఉంటుంది."

"అయ్యో, ఆవిడా!" అని ఆవిడ దుప్పటిలోంచి చెయ్యి బయటికి తీసింది. "కుక్కలకి తాజా రొట్టె కావాలట! నా బుట్టంతా కెలికింది. మీ అమ్మా? కొడుకు హారన్ కొడుతూనే ఉన్నాడు, వినదే! ఇప్పుడే పోయారు. పావుగంట అయిందో లేదో."

పావుగంట. మళ్ళీ పావే.

నేనూ దిగుడు మొదలుపెట్టాను. మొదటి వంపులో బ్రేక్ తొక్కగానే నా పికప్ ముందు చక్రాలు కీచుమన్నాయి. ఆ కీచు నాకు కొత్త కాదు. రెండు నెలలుగా వింటున్నాను. ప్యాడ్లు అరిగాయి, మార్చాలి. కొత్త ప్యాడ్లు తెచ్చి రెండు నెలలైంది, పెట్టె నా సీటు కిందే ఉంది. సోమవారం, వచ్చే సోమవారం, కార్నివాల్ అయ్యాక. వచ్చినవాళ్ళందరికీ చేస్తూ కూర్చుంటే నా బండికి తీరికేదీ? రెండో వంపులో కీచు పోయి గరగర మొదలైంది. ఇనుము ఇనుమునే రాస్తోంది.

ఏం చెయ్యను? స్పీడుగా పోతే నేను పోతాను. మెల్లగా పోతే వాళ్ళు పోతారు. సెకండ్ గేర్లో పడేశాను. ఇంజన్ పళ్ళు కొరుకుతూ బండిని వెనక్కి లాగుతోంది. ఇదే మాట ఇరవై రెండేళ్ళుగా అందరికీ చెప్పాను, బ్రేక్ మీద కాదు, గేర్ మీద దిగండిరా అని. లింబెర్‌కి ఎన్నిసార్లు చెప్పానో. వింటే కదా వాడు? ఒక చెవితో విని ఇంకో చెవితో వదిలేస్తాడు. పెడల్ పోతే ఏం చెయ్యాలో కూడా చెప్పాను. గేర్ దించు, హ్యాండ్ బ్రేక్ మెల్లమెల్లగా లాగు, కొండకి గుద్దు, లోయకి కాదు. వాడు నవ్వాడు. "అక్కా, అన్నం తినేటప్పుడైనా మంచి మాటలు చెప్పవే" అన్నాడు.

ప్రతి వంపులోనూ రోడ్డు అంచు చూస్తున్నాను. రెయిలింగ్ విరిగిందా? గడ్డి నలిగిందా? చూడకూడదనుకుంటూనే చూస్తున్నాను. చేతులు చెమటపట్టి స్టీరింగ్ జారుతోంది. అమ్మ టోపీ తప్ప నాకు ఇంకేమీ తోచడం లేదు. ఆ టోపీ ఎక్కడైనా రోడ్డు మీద కనిపిస్తుందేమోనని భయం.

టోపీ కాదు, రాళ్ళు కనిపించాయి. రోడ్డు మధ్య వరసగా పెట్టిన రాళ్ళు. ముందు ప్రమాదం జరిగిందని వెనకొచ్చే బళ్ళకి డ్రైవర్లు పెట్టే గుర్తు అది.

బండి కొండ వైపు ఆపి, చక్రం కింద ఒక రాయి తోసి, పరిగెత్తాను. మంచులో ఒక మినీబస్సు ఆగి ఉంది. జనం గుమిగూడారు. కాలిన బ్రేకుల వాసన. ఆ వాసన నాకంటే ఎవరికి తెలుసు? జనాన్ని తోసుకుంటూ వెళ్ళాను.

తెల్లకారు కొండ వైపు కాలువలోకి ఒరిగి ఉంది. కుడిపక్కంతా చెక్కుకుపోయింది. ముందు దీపం ఊడి వేలాడుతోంది. రిబ్బన్లు మట్టిలో ఉన్నాయి. అవతల, రోడ్డుకి ఆ పక్క, రెయిలింగ్ లేదు. అక్కడ మంచు తప్ప ఏమీ లేదు.

అమ్మ ఒక రాయి మీద కూర్చుని ఉంది. నుదుటి మీద రక్తం ఎండింది. కుడి మణికట్టు వాచి బన్నులా ఉంది. ఎడమ చేత్తో మిగిలిన రొట్టెముక్క ఎక్కణ్ణించో వచ్చిన ఒక కుక్కకి పెడుతోంది. టోపీ తల మీదే ఉంది.

"నువ్వేంటే ఇక్కడ?" అంది.

ఆ మట్టిలోనే కూలబడి ఆమె ఒళ్ళో తల పెట్టి ఏడ్చాను. నలభై ఆరేళ్ళదాన్ని, అంతమంది ముందు, సిగ్గేమీ అనిపించలేదు.

"అక్కా!" లింబెర్ వచ్చి నా భుజాలు పట్టుకున్నాడు. వాడి పెదాలు తెల్లగా పాలిపోయాయి. "పెడల్ పోయిందక్కా. నేల దాకా పోయింది. నాలుగుసార్లు తొక్కాను, ఏమీ లేదు. అప్పుడు నీ గొంతు వినిపించింది, ఒట్టు. గేర్ దించు, హ్యాండ్ బ్రేక్ లాగు, కొండకి గుద్దు. అదే చేశాను. నువ్వు చెప్పకపోతే..."

"నేను అందరికీ చెప్తూనే ఉన్నా వదినా" అంది జుల్మా, పళ్ళు టకటకా కొట్టుకుంటుంటే. "నిన్ననే మా వదిన సర్వీస్ చేసింది, అందుకే ఈమాత్రం బతికాం అని. పాత ఆయిల్‌తోనే వచ్చుంటే మేం ఇప్పుడు అక్కడ..." అని లోయ వైపు చూపించి ఆగిపోయింది.

మినీబస్సు డ్రైవర్ ముందుకొచ్చాడు. "మీరేనా అమ్మా ఆ మెకానిక్కు? నాదీ చూపించాలి. షాపెక్కడ?" నా చొక్కా జేబులో కార్డులుంటాయి. అలవాటుగా చెయ్యి వెళ్ళింది, తీసిచ్చాను. ఆయన దాన్ని జాగ్రత్తగా జేబులో పెట్టుకున్నాడు.

ఎవరికీ తెలియదు. లోకంలో ఎవరికీ తెలియదు. కారు పాతది, అమ్మినవాడు దొంగ, అంటే సరిపోతుంది. లేచి వెళ్ళి నలిగిన బానెట్ బలవంతాన పైకెత్తాను. బ్రేక్ ఆయిల్ డబ్బా మూత నేను బిగించినట్టే గట్టిగా ఉంది. తిప్పి తీశాను. లోపల మసక ఆయిల్ మీద ఒక గులాబీరంగు పూలరేకు తేలుతోంది. నిన్న జల్లినదే.

రెండు వేళ్ళతో తీశాను. అంత చిన్న రేకు. గాలికి వదిలేస్తే చాలు. వెనక్కి తిరిగితే అమ్మ నా వెనకే నిలబడి ఉంది, వాచిన చెయ్యి శాలువాలో పెట్టుకుని.

"తప్పు నాది" అన్నాను. అందరూ వినేలా అన్నాను, లేకపోతే మళ్ళీ ధైర్యం చాలదని. "నిన్న డబ్బా మూత తీసి అలాగే వదిలేశాను. ఆయిల్‌లో నీళ్ళు కలిశాయి. నీళ్ళు మరిగి పెడల్ పోయింది. చూసుకోవలసింది నేను, చూసుకోలేదు."

లింబెర్ నా దగ్గరికొచ్చాడు. "అంటే... నువ్వు ముట్టుకోకపోతే?"

"పాత ఆయిల్‌తోనే క్షేమంగా దిగి ఉండేవాడివేమో."

"అక్కా, అమ్మ కూర్చుందక్కా అందులో! జుల్మా కూర్చుంది!" అని అరిచాడు వాడు. "ఇరవై రెండేళ్ళు మా అందరి ప్రాణాలు తోడావు, సర్వీసు సర్వీసని. ఒక్క మూత చూసుకోలేకపోయావా?"

జుల్మా వాడి చెయ్యి పట్టుకుంది కానీ నా వైపు చూడలేదు. మినీబస్సు డ్రైవర్ జేబులోంచి నా కార్డు తీసి, ఎవరూ చూడలేదనుకుని, కారు మీద పెట్టి వెళ్ళిపోయాడు.

"నీళ్ళా?" అంది అమ్మ. "ఏం నీళ్ళే?"

"వాన నీళ్ళమ్మా."

అమ్మ నా వేళ్ళ మధ్య ఉన్న పూలరేకుని చూసింది. డబ్బాలోకి చూసింది. వంగి, ముక్కు పెట్టి వాసన చూసింది. మా అమ్మకి చదువు రాదు గానీ ముక్కు ఉంది.

"మంగళవారం వానెక్కడ పడిందే?" అంది మెల్లగా.

వెళ్ళి తన రాయి మీద కూర్చుంది. కుక్క వచ్చి కాళ్ళ దగ్గర పడుకున్నా చూడలేదు. అది చూడలేకపోయాను నేను. దానికంటే లింబెర్ తిట్లే నయమనిపించింది.

క్రేన్ బండి వచ్చేదాకా లింబెర్, జుల్మా అక్కడే ఉంటామన్నారు. అమ్మ చేతికి కట్టు కట్టించాలి, నాతో తీసుకెళ్తానన్నాను. లింబెర్ ఊఁ అన్నాడు, అంతే. అమ్మ తన మూట తీసుకుని నా పికప్ ఎక్కింది. ఎక్కుడు కాబట్టి బ్రేక్ పెద్దగా తొక్కలేదు. అయినా ఒకచోట లారీకి దారివ్వడానికి ఆపాల్సొచ్చింది. గరగరమంది.

"ఏంటే ఆ చప్పుడు?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. రాయి తగిలిందమ్మా అనొచ్చు. నిన్నట్నించీ చేసింది చాలదా?

"బ్రేక్ ప్యాడ్లమ్మా. అరిగిపోయాయి. రెండు నెలలైంది."

అమ్మ నా వైపు తిరగలేదు. ముందుకే చూస్తూ, "లా కుంబ్రే అవతల మళ్ళీ దిగుడే కదా?" అంది.

"అవునమ్మా."

"ఆ ప్యాడ్లేవో ఎక్కడున్నాయి?"

"నువ్వు కూర్చున్న సీటు పక్కన. నా సీటు కింద."

లా కుంబ్రేలో రొట్టెలావిడ పక్కనే బండి ఆపాను. జాకీ పెట్టాను. ఆ చలిలో చేతివేళ్ళు నా మాట వినడం లేదు, ఒక్కో బోల్టుకీ రెండింతలసేపు పట్టింది. పాత ప్యాడ్లు బయటికి లాగాను. చక్రాన్ని పట్టే మసాలా పూర్తిగా పోయి ఉత్త ఇనప రేకులు మిగిలాయి. వీటితోనే అమ్మని ఊళ్ళోకి దింపబోయాను, ఇంత జరిగాక కూడా.

కొత్త ప్యాడ్లు లావుగా ఉంటాయి. వాటికి చోటు చెయ్యాలంటే లోపలి పిస్టన్‌ని వెనక్కి నొక్కాలి, నొక్కితే ఆయిల్ పైకి వస్తుంది. అందుకని బానెట్ ఎత్తి డబ్బా మూత తీశాను. దాన్ని ఎక్కడా పెట్టలేదు. నా నోట్లో కరిచి పట్టుకున్నాను. రెండు చక్రాలూ అయ్యేదాకా ఆ చేదు ప్లాస్టిక్ నా పళ్ళ మధ్యే ఉంది. ఆయిల్ ఎంతుందో చూశాను, మూత పెట్టాను, తిప్పాను, ఇంకా తిప్పాను. చక్రాలు బిగించాను. పెడల్ తొక్కి చూశాను.

తల ఎత్తేసరికి అమ్మ బానెట్ ముందు నిలబడి ఉంది. మూటలోంచి బీరు సీసా తీసింది, వియ్యాలవారింట్లో పోద్దామని తెచ్చుకున్నది. రొట్టెలావిడ చేత మూత తీయించుకుంది. ఎడమ చేత్తో పట్టుకుని, బొటనవేలు సీసా మూతికి అడ్డం పెట్టింది. ముందు నేల మీద కాస్త పోసింది. తర్వాత ఇంజన్ మీదికి చెయ్యి చాపి ఆగిపోయింది. ముప్ఫై ఏళ్ళుగా ఈ చెయ్యి ఛల్లా చేస్తుంటే చూస్తున్నాను, ఎప్పుడూ ఇలా ఆగలేదు.

"బిగించావా?" అంది.

"బిగించానమ్మా."

"చూపించు."

ఆమె వేళ్ళు పట్టుకుని మూత మీద పెట్టాను. ఆ వాచిన చేత్తోనే తిప్పి చూసింది. కదలలేదు. ఇంకోసారి తిప్పి చూసింది.

అప్పుడు పోసింది.